వాన శాఖ

పెళ్ళి పనులు పంచుకున్న రాత్రి
పెద్దబావ వంటలు తీసుకున్నాడు.
పీటల మీది పనులన్నీ జంటగా ఉన్నవాళ్ళవి.
ఒంటిగాణ్ణని, మిగిలింది నాకిచ్చారు:
"వాన సంగతి నువ్వు చూసుకో."

అక్టోబరు నెలలో, విశాఖలో,
సాగర్‌నగర్ దాటాక సముద్రానికి ఎదురుగా
ఆరుబయట పెళ్ళి.
నెత్తిన ఆకాశం ఉండాల్సిందేనని ప్రణూష పట్టు.
అన్నయ్య ఆకాశం కేసి చూసి
నాకేసి చూశాడు.
ముహూర్తం రాత్రి పదీ నలభై రెండు.

కంచరపాలెం టెంట్ హౌస్ పోలారావు
బీడీ ఆర్పి మరీ చెప్పాడు:
"ఒర్షానికైతే నాను పూచీ బాబూ, గాలికి కాదు.
గాలొచ్చిందంటే టార్పాలిన్లతో పాటు
మనమూ నెగిసిపోతాం."
ఐదు టార్పాలిన్లు, నలభై వెదుళ్ళు,
నీళ్ళు జారేలా నడిమి వాసం ఎత్తు.
పూర్ణా మార్కెట్‌లో డజన్ల లెక్కన అరవై గొడుగులు
(నల్లవి వద్దంది వదిన).
జనరేటరుకి రేకు కప్పు.
గుంటలు పూడ్చడానికి రెండు ట్రాక్టర్ల క్రషర్ బుగ్గి.
చెమ్మకి డోలు గొంతు పోతుందని
డోలాయన పక్కన నిప్పుల కుంపటి.
పంతులుగారు ఫోన్లో నవ్వారు:
"హోమానికి ఓ పళ్ళెం అడ్డం పట్టండి నాయనా,
అగ్నిదేవుడు సర్దుకుపోతాడు."

రోజూ పొద్దున్నే మేడెక్కాను.
డాల్ఫిన్ నోస్ మీద మబ్బు కూర్చుంటే ఒక సున్నా,
కైలాసగిరి కనపడకపోతే రెండు.
నోట్‌బుక్ నిండా సున్నాలే.

ఇంట్లో ఆడవాళ్ళు మాత్రం
తప్పంతా పెళ్ళికూతురి మీదికే తోశారు.
"చిన్నప్పుడు పచ్చి బియ్యం బొక్కింది కదా,
పెళ్ళిలో కురవక ఏం చేస్తుంది!"
అందరూ నవ్వారు. ప్రణూషా నవ్వింది.
నేను గొడుగులు మళ్ళీ లెక్కపెట్టాను.

ఆ బియ్యం పెట్టింది నేనే.

హుద్‌హుద్ రోజు. దానికి పదేళ్ళు.
అన్నయ్యా వదినా కేజీహెచ్‌లో, రెండో కాన్పు నొప్పులతో.
నడింట్లో రేకులు ఒక్కొక్కటే లేచిపోతుంటే
మంచం కింద మేమిద్దరం.
పొయ్యిలో నీళ్ళు, అగ్గిపెట్టె ముద్ద.
"ఆకలి" అంది.
డబ్బాలో చెయ్యి పెట్టి
గుప్పెడు బియ్యం, ఇంత బెల్లం.
"తింటే పెళ్ళిలో వాన పడుతుంది బాబాయ్"
అంత వానలో కూర్చుని అంది.
"పడనీ, అప్పుడు నేను చూసుకుంటాలే."
సాయంత్రందాకా నమిలింది.
ఆ నమిలే చప్పుడు పట్టుకునే
నేనూ ఆ గాలి దాటాను.

పదీ ముప్పై అయిదుకి
మొదటి చినుకు నా కళ్ళద్దం మీద పడింది.
ఎవరికీ చెప్పలేదు.
రెండు నిమిషాల్లో అదే చెప్పుకుంది.
టార్పాలిన్లు నిండుచూలాళ్ళలా దిగాయి.
నేనూ పోలారావు కొడుకూ చెరో కర్ర పట్టుకుని
కింద నుంచి నెడుతూ,
నీళ్ళని చుట్టాల మీద కాకుండా
బంతికుండీల మీదికి తోలుతూ,
మెడలు పైకి విరిచి నిలబడిపోయాం.
జీలకర్రా బెల్లం నేను చూడలేదు.
తాళి కట్టడం చూడలేదు.
డోలు ఒక్కసారిగా ఉరుమును మించితే
అయిందనుకున్నాను.
కుంపటి పనిచేసింది.

తలంబ్రాల వేళకి అది లేచి
కొంగుముడితో అల్లుణ్ణి లాక్కుంటూ
పందిరి దాటి వెళ్ళిపోయింది.
గొడుగులు విప్పని మూటలోనే ఉన్నాయి.
వానలో దోసిళ్ళు.
తడి బియ్యం జారలేదు, అంటుకుంది,
జుట్టుకీ, కనుబొమలకీ, పసుపు కారుతూ.
ఎవరో గొడుగు, గొడుగు అని అరుస్తున్నారు నా మీద.
అది నా వైపు తిరిగి
ఓ గుప్పెడు విసిరింది.

పొద్దున పోలారావు లెక్క చెప్పాడు:
"తడిసినియ్యి ఆరబెట్టే కూలీ వేరే బాబూ."
బేరమాడలేదు.
డబ్బుకని జేబులో చెయ్యి పెడితే
పచ్చని గింజ ఒకటి వేలికంటుకుని వచ్చింది.
నోట్లో వేసుకున్నాను.

యాభై రెండేళ్ళు నాకు.
ఇంక ఏ పెళ్ళిలో కురుస్తుందో.